చేర్యాల పటం మీద హైదరాబాద్: పని డైరీ

తెలంగాణలోని చేర్యాలలో నకాషీలు, అంటే పటాలు వేసే చిత్రకారులు, గుడ్డ మీద బొమ్మలు వేసే పద్ధతిలో హైదరాబాద్‌ను ఒకే పొడవాటి పటంగా వేస్తున్నాను. ఇదే పనికి దిగేవాళ్లకు పూత ఎక్కడ పగులుతుందో, కొలత ఎక్కడ అడ్డం తిరుగుతుందో ముందే తెలియాలని రాసి పెడుతున్నాను. గుడ్డ మీటర్లలో కొన్నాను, మిగతా కొలతలన్నీ అంగుళాల్లో.

దశ 1: గుడ్డ, పూత

ఖాదీ, 36 అంగుళాల పన్నా, 4 మీటర్లు. ముందు ఒక ముక్క కత్తిరించి, ఉతక్కుండానే గంజి పెట్టి చూశాను. ఆరేకొద్దీ అంచులు లోపలికి లాక్కుపోయి నడుమ ఉబ్బింది. కొత్త గుడ్డ ముడుచుకోవడం పూత కిందే జరిగితే పూత ఓర్చుకోదు. అందుకని:

1. గుడ్డంతా రాత్రి నీళ్లలో నానబెట్టాలి. పొద్దున పిండకుండా నీడన ఆరెయ్యాలి.
2. ఆరాక మళ్లీ కొలవాలి. నా గుడ్డ పన్నా 36 నుంచి 35కు వచ్చింది.
3. అన్ని లెక్కలూ ఈ రెండో కొలత మీదే వెయ్యాలి.

పూతలో పడేవి నాలుగు: సుద్దమట్టి, చింతగింజల జావ, బియ్యపు గంజి, బంక నీళ్లు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికించాలి. పలచటి గుడ్డలో వడకట్టకపోతే పలుకులు మిగిలి, తర్వాత కుంచె కింద తగులుతూనే ఉంటాయి. బంకకు పాతవాళ్లు తిరుమణి చెట్టును చెబుతారు. నాకు దొరికింది తుమ్మ బంక.

పాళ్ల కోసం 6 అంగుళాల పట్టీలు చేసి, పూత ఆరాక పైపుల చుట్టూ చుట్టి చూశాను. అన్నిటినీ ఒకే గిన్నెతో కొలిచాను.

అ. సుద్ద 3, జావ 2, గంజి 1: అంగుళం పైపుకి చుట్టగానే అడ్డంగా పగుళ్లు. జావ ఎక్కువైతే పూత గాజులా పెళుసెక్కుతుంది.
ఆ. సుద్ద 4, జావ 1, గంజి 1: పగల్లేదు గానీ వేలితో రాస్తే తెల్లటి పొడి లేచింది. దీని మీద కుంచె సాగదు.
ఇ. సుద్ద 3, జావ 1, గంజి 1, బంక నీళ్లు అర: అంగుళం పైపు మీద సన్నటి గీతలు, 2 అంగుళాల పైపు మీద ఏమీ లేవు.

మూడోదే ఖాయం చేశాను. పటం చుట్టడానికి 3 అంగుళాల ప్లాస్టిక్ పైపు కొన్నాను. పటాన్ని సన్న కర్రకి బిగించి చుట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ, ప్రతి చుట్టూ పూతకు దెబ్బే.

మూడు పూతలు, మూడూ పలచగా, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. అంత మందాన్నీ ఒకేసారి వేసిన పట్టీ పైన ఆరినట్టే కనిపించింది, కింద తడి అలాగే ఉంది. వంచగానే పెచ్చు లేచింది. ఆఖరి పూత ఆరాక నున్నటి గులకరాయితో రుద్దాను.

వానాకాలం బూజు గురించి విడిగా చెప్పాలి. జావ రెండో రోజుకే పులిసింది, తడి ఆరని చోట గుడ్డ వెనక నల్ల చుక్కలు లేచాయి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు జిగురులో మైలుతుత్తం వేస్తారు కదా అని ఒక పట్టీ మీద చిటికెడు వేసి చూశాను. బూజు రాలేదు, తెలుపు మాత్రం పచ్చదనానికి తిరిగింది. పైగా అది విషం, వంటగిన్నెల దగ్గరికి రానివ్వకూడదు. దాన్ని వదిలేసి, ఏ పూటకు కావలసిన జావ ఆ పూటే కాచుకోవడం మొదలుపెట్టాను. పని నెమ్మదించింది, తెలుపు తెలుపుగానే ఉంది.

*ఖర్చు: ఖాదీ 720, చింతగింజలు 60, సుద్ద 80, బంక 150, పైపు 130. మొత్తం 1,140 రూపాయలు.*
*పట్టీలకు పోగా మిగిలిన గుడ్డ 132 అంగుళాలు. పైనా కిందా కర్రలకు 6 చొప్పున తీస్తే బొమ్మకు 120.*

దశ 2: ఎరుపు

చేర్యాల పటానికి వెనక రంగు ఎరుపు. ఆకాశమైనా, గదైనా, అడవైనా ఎరుపే. పాత పటాల్లో అది ఇంగిలీకం. పాదరసం ఉన్న ఖనిజం, ఇంట్లో నూరే పని పెట్టుకోవద్దు. నేను డబ్బాలో దొరికే నీటి రంగు తీసుకుని బంక నీళ్లు కలిపాను.

మొదటి పరీక్షలో గుడ్డంతా ఎరుపు పూసి, దాని మీద తెల్ల పావురం వేశాను. గులాబీ పావురం వచ్చింది. తడి కుంచె తగలగానే కింది ఎరుపు కరిగి పైకి వస్తోంది. బంక పాలు పెంచితే కరగడం తగ్గింది, ఎరుపు మీద మెరుపు మచ్చలు పడ్డాయి. పద్ధతి మార్చడమే సరైన మందు. పాత నకాషీలు పని చేసిన వరస ఇదే:

1. పూత మీద నేరుగా కుంచెతో పలచగా రూపురేఖ గియ్యాలి.
2. బొమ్మల చుట్టూ మాత్రమే ఎరుపు నింపాలి. బొమ్మ ఉన్న చోటు తెల్లగానే మిగలాలి.
3. ఎరుపు ఆరాక ఒంటి రంగులు, తర్వాత బట్టలు.
4. చివర నల్ల గీత, దాని మీద నగల తెల్ల చుక్కలు.

ఈ వరసలో ఒక రంగు కింద ఇంకో రంగు ఉండదు. ఎంత తడి కుంచె పెట్టినా కరగడానికి అక్కడేమీ లేదు.

ఎరుపు మీద ఏది నిలుస్తుందో పట్టీ మీద చూసుకున్నాను. పసుపు, తెలుపు, నీలి బాగా నిలుస్తాయి. బూడిద రంగు చచ్చిపోతుంది. నగరం నిండా సిమెంటే కాబట్టి ఇది చిన్న చిక్కు కాదు. ఎర్ర బస్సు అయితే అసలు కనబడదు. ఎరుపులో ఎరుపు కలిసి కిటికీలు మాత్రం గాల్లో తేలతాయి. బస్సు చుట్టూ పెసరగింజంత వెడల్పు పసుపు గీత వదిలితే ఒడ్డు దొరికింది. ఆటోకి ఏ బాధా లేదు, దాని పసుపు ఈ పటం కోసమే పుట్టినట్టుంది.

నలుపుకు దీపపు మసి. మసిని నీళ్లలో వేస్తే పైన తేలుతుంది. ముందు చిక్కటి బంకలో వేసి నూరి, ముద్ద అయ్యాక నీళ్లు చేర్చాలి. కుంచెలు పాతకాలంలో ఉడుత వెంట్రుకలవి. నేను వాడేవి కృత్రిమ వెంట్రుకలవి, 0, 1, 3 నంబర్లు.

*ఖర్చు: రంగులు 1,450, కుంచెలు 520. ఇప్పటికి మొత్తం 3,110 రూపాయలు.*

దశ 3: పటం లెక్క, చార్మినార్

మొదటి లెక్క ఇది. రెండు పక్కలా అర అంగుళం ఖాళీ, 2 అంగుళాల పూల అంచు పోగా లోపలి వెడల్పు 30. ఎనిమిది గడులు, ఒక్కొక్కటి 11 ఎత్తు. గడుల మధ్యా, పైనా, కిందా 2.5 అంచులు తొమ్మిది. మొత్తం 110.5. గడికో కట్టడం: చార్మినార్, గోల్కొండ, సికింద్రాబాద్ గడియార స్తంభం, ఇలా.

చార్మినార్ దగ్గరే లెక్క కూలింది. కట్టడం ఎత్తు 48.7 మీటర్లు, ఒక్కో వైపు 20 మీటర్లు. 11 అంగుళాల గడిలో మినారు నిలువునా పట్టాలంటే, దాని పక్కన నిలబడ్డ మనిషి అంగుళంలో మూడో వంతు కాస్త దాటతాడు. ముఖం మిల్లీమీటరు పైచిలుకు. చేర్యాల బొమ్మకు ప్రాణం కళ్లు. 0 నంబరు కుంచెతో నేను నిలకడగా వెయ్యగలిగిన కన్ను 4 మిల్లీమీటర్లు. అంటే ఈ కొలతలో మనుషులే ఉండరు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దూరంగా, సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తే వెనక మినార్లు చాలావరకు ముందువాటి చాటుకు పోతాయి. అలాంటి ఫొటోని పట్టుకుని గీస్తే పేరులో నాలుగున్నా బొమ్మలో దాదాపు రెండే.

రూపురేఖ గురువుగారికి చూపిస్తే రెండే ప్రశ్నలు అడిగారు: "మంచిగనే ఉంది బిడ్డా, గిండ్ల మనుషులేరి? గీ పటం ఎవలి ముంగట ఇప్పుతవు?"

ఆ రెండో ప్రశ్న ఈ పని మొత్తాన్నీ మార్చింది. చేర్యాల పటం గోడకు తగిలించే బొమ్మగా పుట్టలేదు. కథ చెప్పేవాళ్లు ఊళ్లో ఒక్కో గడీ విప్పుతూ పాడడానికి పుట్టింది. కూనపులివాళ్లు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం విప్పుతారు, డక్కలివాళ్లు మాదిగల ముందు జాంబపురాణం. కాకిపడగలవాళ్లకు ముదిరాజుల కథ, గౌడజెట్టీలకు గౌడుల కథ. ఎదురుగా కూర్చున్నవాళ్లు పటంలో తమ తాతలను చూసుకుంటారు. రాజుగారి మేడ అందులో వెనక నిలబడే మండపం, అంతే. మేడ కంటే మనిషే పెద్ద, కథలో ఎవరు ముఖ్యులో వాళ్లది ఇంకా పెద్ద ఒళ్లు.

కాబట్టి అన్ని గడులకూ నియమం మార్చాను. ముందు మనిషి ఎత్తు నిర్ణయించాలి, తర్వాత కట్టడాన్ని దానికి తగ్గట్టు కత్తిరించాలి. మనిషి లేని కట్టడాలు పటంలోంచి పోవాలి. నా జాబితాలో అలాంటివి రెండు తేలాయి, గోల్కొండ, గడియార స్తంభం. రెండూ తీసేశాను.

చార్మినార్ గడి కొత్త కొలతలు:

1. గడి ఎత్తు 11 నుంచి 14కు.
2. నడిమి కమాను ఎత్తు 9, వెడల్పు 8. కమానే మండపం.
3. కమాను కింద లక్క గాజులు చేసే మనిషి కూర్చుని ఉంటాడు, ఎత్తు 6. గాజులు తొడిగించుకునే ఆమె నిలబడి ఉంటుంది, ఎత్తు 8.
4. మినార్లు నాలుగూ పక్కపక్కనే వరసలో. బయటివి రెండూ 13.5, లోపలివి రెండూ 12.
5. 1889లో పెట్టిన గడియారం గుండ్రంగా, ముళ్లతో, అంకెలు లేకుండా.

కట్టడం 1591 నాటిది, గాజుల పని ఇవాళ పొద్దుటిది. లాడ్‌బజార్‌లో ఆ పని నిలబడి చూసి వేసుకున్నాను: బొగ్గుల కుంపటి, వేడికి మెత్తబడ్డ లక్కను పలక మీద దొర్లించి పొడుగు చెయ్యడం, కడియంగా వంచడం, రాళ్లు ఒక్కొక్కటీ అద్దడం. కుంపటిని ఎరుపు మీద చూపించడం కష్టమైంది. నిప్పు ఎర్రగా వేస్తే కలిసిపోయింది, పసుపు నాలుకలు వేసి చుట్టూ నల్ల గీత ఇస్తే మండింది.

వినాయకుడి గడి దీనికంటే ముందు. పటం వినాయకుడితోనే మొదలవ్వాలి, నగరమే ఆ బొమ్మను ఇచ్చింది, ఖైరతాబాద్ గణపతి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన పండగ. ఆ అడుగు విగ్రహాన్ని కాళ్ల దగ్గరా, ఇప్పటి పెద్ద విగ్రహాన్ని గడి నిండుగానూ వేశాను. దేవుళ్లకు నీలం, పసుపు, మనుషులకు గులాబీ అనే పాత రంగుల కట్టు మార్చలేదు. పని సాఫీగా సాగింది.

*పటం పొడవు: పై అంచు 2.5, గణపతి 11, అంచు 2.5, చార్మినార్ 14, అంచు 2.5. ఇప్పటికి 32.5.*

దశ 4: చింతచెట్టు

1908 సెప్టెంబర్ 28. మూసీ వరద నగరం మీద పడింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆసుపత్రి భవనం తర్వాత కట్టినది కాబట్టి గడిలో దానికి చోటు లేదు. చెట్టు, నీళ్లు, మనుషులు, ఇంతే.

ఎంతమందిని వెయ్యాలి? మొదటి రూపురేఖలో పెద్ద బొమ్మలు కొన్నే వేసి మిగతావాళ్లను ఆకుల్లో వదిలేశాను. చూడడానికి చక్కగా ఉంది. చెట్టు నీడన కూర్చున్న వనభోజనంలా కూడా ఉంది. ఈ కథలో చెప్పాల్సిందే ఆ సంఖ్య. 150 ముఖాలూ ఉండాలనుకుని లెక్క కట్టాను.

1. గడి ఎత్తు 11 అయితే నీళ్లకు 4 పోగా కొమ్మలకు 28 × 7, అంటే 196 చదరపు అంగుళాలు. మనిషికి 1.3. ముఖం పడుతుంది, ఆకు పట్టదు. ఆకులు లేకపోతే అది చెట్టు కాదు.
2. గడి ఎత్తు 18 అయితే నీళ్లకు 5, కొమ్మలకు 28 × 13, అంటే 364. మనిషికి 2.4. అంగుళం ముఖం, చుట్టూ ఒక చింతరెమ్మ.

రెండోదానికే వెళ్లాను. తీసేసిన రెండు గడుల చోటు ఉండబట్టి సరిపోయింది. వరసకు 18 చొప్పున 8 వరసలు, 144. మిగిలిన ఆరుగురు మాను మీద, ఇంకా ఎక్కుతూ.

వరసలు తిన్నగా గీస్తే తరగతి ఫొటోలా బిగుసుకుపోయాయి. ప్రతి వరసనూ అలలా కాస్త పైకీ కిందికీ వంచి, పక్కపక్క ముఖాలను ఎదురెదురుగా తిప్పాను. లెక్క చెడలేదు, చెట్టు ఊగడం మొదలైంది.

రంగుల వరసలో ఒక్క మార్పు చెయ్యాల్సి వచ్చింది. మామూలుగా ఎరుపు ముందు. ఇక్కడ ముఖాల మధ్య సందులు మరీ చిన్నవి, ఎరుపు నింపబోతే చెంపల మీదకి పారుతోంది. అందుకని గులాబీ ఒంటి రంగు ముందు వేసి, ఆకుపచ్చ రెమ్మలు వేసి, మిగిలిన సందుల్లో ఎరుపును 0 కుంచెతో చుక్కలుగా దించాను. కుంచె తడిని ప్రతిసారీ గుడ్డకి అద్దాలి.

వరద నీళ్లు మొదట నీలితో వేశాను. చెరువులా ప్రశాంతంగా వచ్చాయి. పసుపులో కాస్త మసి కలిపి బురద రంగు చేసి, దాని మీద దగ్గరదగ్గరగా నల్ల అలలు గీశాక అది మూసీ అయింది. నీళ్లలో ఒక తలుపు, ఒక ఊయల, ఒక ఎద్దు కొట్టుకుపోతున్నాయి. మనిషిని మాత్రం నీళ్లలో వెయ్యలేదు. ఆ రోజు వేలమంది పోయారు. ఈ గడి బతికినవాళ్లది.

ఒక మాట. ఈ పటం తెలుపంతా చింతగింజల జావతో నిలిచింది. చెట్టు వేస్తున్నంతసేపూ అది నా మనసులో ఉంది.

*పటం పొడవు: 32.5కి 18, అంచు 2.5. ఇప్పటికి 53.*
*ఖర్చు: ఆకుపచ్చ, గులాబీ రెండోసారి కొన్నవి 240. మొత్తం 3,350 రూపాయలు.*

దశ 5: మొజంజాహీ మార్కెట్, బుద్ధుడు

మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం, గడియార గోపురం మధ్యలో, రెండు రెక్కలు చెరో వైపు వెనక్కి పోతాయి. వెనక్కి పోవడం ఈ పద్ధతిలో లేదు. రెండు రెక్కలనూ పుస్తకంలా విప్పి 30 అంగుళాల అడ్డంగా పరిచాను. కమానుకో మనిషి: పండ్లు, అత్తరు, ఐస్‌క్రీమ్. రాతి బూడిద రంగు ఎరుపు మీద నిలవదని ముందే తెలుసు కాబట్టి కట్టడాన్ని లేత పసుపులో ఉంచి, రాళ్ల అతుకులు నల్లగా గీశాను.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడు 18 మీటర్ల ఏకశిల. 1990లో పడవలో తీసుకెళ్తుండగా చెరువులో మునిగింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. గడిలో రెండూ ఉన్నాయి: అడుగున చేపల మధ్య పడుకున్న బుద్ధుడు, పైన నిలబడ్డ బుద్ధుడు. రెండింటికీ రంగు వెయ్యలేదు, పూత తెలుపునే వదిలాను. ఇక్కడ పూత మీద పడ్డ ప్రతి మరకా కనిపిస్తుంది, కాబట్టి చుట్టూ పని చేస్తున్నంతసేపూ ఆ చోటును కాగితంతో కప్పి ఉంచాలి. ముందు వరసలో ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె, ఎత్తు 7. బుద్ధుడి కంటే అంగుళమే తక్కువ.

*పటం పొడవు: 53కి మార్కెట్ 11, అంచు 2.5, బుద్ధుడు 11. ఇప్పటికి 77.5, కింది అంచు ఇంకా వెయ్యలేదు.*

దశ 6: మెట్రో, అమీర్‌పేట

అంచు ఆపడానికి కారణం ఇది. మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది, మొదటి రోజు నుంచే అమీర్‌పేట దాని దారిలో ఉంది. గడి లోపల వంతెన వేస్తే మూడు తిప్పలొచ్చాయి. స్తంభాలు మనుషులను కోసేశాయి, సిమెంటు రంగు ఎరుపులో మాసింది, రైలు పైన ఉండి అందరికంటే ముఖ్యమైనదిగా కూర్చుంది.

గడుల మధ్య పూల అంచు పని రెండు కథలను విడదీయడమే. నగరంలో మెట్రో దారి చేసే పనీ దాదాపు అదే, పైన ఒక ఊరు, కింద ఇంకో ఊరు. కాబట్టి వంతెనను గడిలోంచి తీసి అంచులోకి ఎక్కించాను.

1. ఈ ఒక్క అంచు ఎత్తు 2.5 నుంచి 4కు.
2. అందులో పూలు ఉండవు. మూడు పెట్టెల రైలు, ఒక్కో పెట్టె 9 పొడవు, సందులు రెండూ ఒకటిన్నర చొప్పున. మొత్తం 30, లోపలి వెడల్పుకు సరి.
3. కిటికీలు పూల రేకుల చోటులో, అదే ఎడంతో. కిటికీకో ముఖం.
4. స్తంభాలు రెండే, కింది గడిలోకి దిగి దాన్ని మూడు మండపాలుగా విడదీస్తాయి. బూడిద బదులు నీలి, మీద తెల్ల చుక్కలు.

ఇప్పుడు స్తంభం ఎవరినీ కొయ్యడం లేదు, ప్రతివాళ్లకీ గది ఇస్తోంది. ఎడమ గదిలో సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం ఊరి నుంచి వచ్చిన అమ్మాయి సంచితో, నడుమ టిఫిన్ బండి, కుడివైపు ఆటో.

అమీర్‌పేట అంటే కోచింగ్ బోర్డులు. ఒక పట్టీ మీద బోర్డులకు అక్షరాలు రాసి చూశాను. చూసిన ప్రతివాళ్లూ ముందు బోర్డే చదివారు, ముఖాలు చివర చూశారు. అక్షరాలు తీసేసి బోర్డులను రంగు పలకలుగా ఉంచాను. అక్కడ ఏముందో పటం విప్పేవాళ్లు నోటితో చెబుతారు.

*పటం పొడవు: 77.5కి మెట్రో అంచు 4, అమీర్‌పేట 11, అంచు 2.5. మొత్తం 95.*
*ఖర్చు: నీలి, కుంచె ఒకటి, కర్రలు కలిపి 310. మొత్తం 3,660 రూపాయలు.*

మిగిలిన పని

1. అమీర్‌పేట గడిలో ఎరుపు నిండింది, ఒంటి రంగులు సగం అయ్యాయి. నల్ల గీత, తెల్ల చుక్కలు వెయ్యాలి.
2. పటాన్ని పైపు మీద చుట్టి విప్పి, చింతచెట్టు గడిని దీపం పక్కన పెట్టి పగుళ్లు చూడాలి. రంగు అన్నిటికంటే మందంగా పడింది అక్కడే.
3. గుడ్డ ఇంకా 25 అంగుళాలుంది. 11 గడి, 2.5 అంచు కలిస్తే పటం 108.5 అవుతుంది. ఆ గడికి తీసేసిన గోల్కొండే మళ్లీ వస్తోంది, ఆషాఢం బోనాలతో. కోట గోడ 4 అంగుళాలే. దాని ముందు పోతరాజు, ఎత్తు 9, ఒళ్లంతా పసుపు.